పక్క బెడ్ వాళ్ళ పేరు

"మీ తమ్ముడిది ఏ గోత్రమమ్మా?" అని ఆవిడ అడిగినప్పుడు నాకు ఏం చెప్పాలో వెంటనే తోచలేదు.

విజయవాడలో ఒక ఆసుపత్రి డయాలసిస్ వార్డు బయట ఇద్దరం ఇనప కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. లోపల మా తమ్ముడు, ఆవిడ భర్త పక్క పక్క బెడ్ల మీద. మర్నాడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి కుంకుమార్చన చేయిస్తున్నారట. "మేం క్రిస్టియన్సండీ, మాకు గోత్రం ఉండదు" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "పర్లేదులే, మా గోత్రమే చెప్పిస్తా. పేరు మాత్రం సరిగ్గా చెప్పు. ఇంట్లో పిలిచే పేరు కాదు, అసలు పేరు" అంది. చెప్పాను. రెండుసార్లు పైకి అనుకుని, తప్పు పోలేదని నన్ను అడిగి తెలుసుకుని, అప్పుడు లేచి లోపలికి వెళ్ళింది.

మా తమ్ముడు 2025 జనవరిలో పోయాడు. ముప్పై ఆరేళ్ళు. 2022 మార్చి నుంచి రెండేళ్ళ పది నెలలు డయాలసిస్ మీద ఉన్నాడు. వాడు పోయిన నెలకి స్కూల్లో నాతోపాటు పనిచేసే టీచర్ ఒకావిడ అడిగింది: "గుడిలో, చర్చిలో, మసీదులో అన్నిచోట్లా మీ తమ్ముడి కోసం ప్రార్థన చేశారు కదా టీచర్, ఏం ప్రయోజనం?" ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. అప్పటికి వాళ్ళ అమ్మాయికి ఒంట్లో బాగాలేదు. తను ప్రార్థన చెయ్యాలో వద్దో తేల్చుకోలేక నన్ను అడిగింది. ఇంతలో గంట కొట్టారు, క్లాసుకి వెళ్ళిపోయాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. ఇతరుల కోసం ప్రార్థన చేయడం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

మాది గుంటూరు. ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన లూథరన్ సంఘం. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఆ సంఘానికి నూట ఎనభై ఏళ్ళు దాటాయి. అందులో మా ఇంటివాళ్ళు ఏ తరంలో చేరారో అమ్మకి కూడా తెలియదు. నాన్న తొందరగా పోయారు. అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. మిర్చి యార్డుకి కొత్త కాయలు రావడం మొదలయ్యాక గుంటూరు చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ దగ్గర చూసినా ఆడవాళ్ళు వరసలుగా గోతాలు పరుచుకుని కూర్చుని ఉంటారు. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, విప్పి కాయలు కుప్ప పోస్తే, ఒక్కో కాయకి తొడిమ తుంచి పక్కన వేయాలి. కూలి కిలో లెక్క. మూతికి గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగదు, కళ్ళు మండుతూనే ఉంటాయి. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ చేతులు మజ్జిగలో ముంచుకునేది, కొబ్బరి నూనె రాసుకునేది. రాత్రి అన్నం తినేదాకా మమ్మల్ని ముట్టుకునేది కాదు, మాకు మంట అంటుకుంటుందని.

రోజంతా ఆ పని చేస్తూ ఏం ఆలోచిస్తావమ్మా అని ఒకసారి అడిగాను. "ప్రార్థన చేసుకుంటా" అంది. "ఒక గంప అయ్యేలోపు మన వీధి ఇటువైపు అయిపోద్ది. రెండో గంపకి అటువైపు."

వీధి మూలనున్న కొట్టాయన దగ్గర మొదలుపెట్టేదట. ఆయన మాకు అప్పు ఇచ్చేవాడు కాదు. ఆయన పేరు, ఆయన భార్య పేరు, ఇద్దరు పిల్లల పేర్లు. తర్వాత ఇల్లు. తర్వాత ఇల్లు. మధ్యలో తాగొచ్చి భార్యని కొట్టే మనిషి ఇల్లు ఉండేది. ఆ భార్య పేరూ చెప్పేది, ఆయన పేరూ చెప్పేది. ఆయన కోసం ఎందుకమ్మా అంటే, "ఇళ్ళు వరసగా ఉంటాయి గదా, మధ్యలో ఒకటి ఎట్టా దాటేస్తాం?" అంది.

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మనకి నచ్చిన వాళ్ళ కోసం ప్రార్థించడం మన ప్రేమని మనమే ఇంకోసారి చెప్పుకోవడం. వీధి వరసలో ప్రార్థించడం వేరు. నాకు ఎవరంటే ఇష్టం, ఎవరంటే కోపం అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఆ ఇంట్లో ఉన్నారు కాబట్టి వాళ్ళ పేరు పలకాలి, పలకాలంటే ఆ పేరు తెలిసి ఉండాలి. మా వీధిలో అందరి పేర్లూ, ఎవరింట్లో ఎవరికి ఏం బాధో తెలిసిన మనిషి అమ్మ ఒక్కతే. చాడీలు చెప్పుకునే వాళ్ళక్కూడా అన్ని సంగతులు తెలియవు.

తమ్ముడి సంగతికి వస్తాను. వాడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. పదహారేళ్ళ వయసు నుంచీ సంపాదిస్తున్నాడు. మా పెళ్ళిళ్ళ అప్పులు తీర్చింది వాడే. చాలాకాలంగా ఉన్న బీపీని పట్టించుకోలేదు, తెలిసేసరికి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. పటమటలో మా ఇంట్లోనే పెట్టుకున్నాను. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరున్నర షిఫ్ట్. వెళ్ళగానే బరువు చూస్తారు, ఫిస్టులా చేతికి, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చేతికి, రెండు సూదులు గుచ్చుతారు, నాలుగు గంటలు మిషన్ తిరుగుతుంది. ఒక్కోరోజు మధ్యలో బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి అరుస్తారు. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా లేవలేడు. మిగతా రోజుల్లో దాహం. రోజుకి ఇన్నే నీళ్ళు అని కొలత. ఎండాకాలం విజయవాడలో ఆ కొలత ప్రకారం బతకడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మొదటి మూడు నెలలు మా ఇంటికి ప్రార్థన చేసేవాళ్ళు రాని రోజు లేదు. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు, పాస్టరు అయ్యగారు, ఆటోనగర్ స్నేహితులు. అందరూ మంచి మనసుతో వచ్చినవాళ్ళే. కానీ ఒక రాత్రి తమ్ముడు నాతో అన్న మాట ఇది: "అక్కా, నేను తీసుకునేవాణ్ణే అయిపోయాను. మందులు నీవి, ఆటో డబ్బులు నీవి. చివరికి ప్రార్థన కూడా అందరూ నా కోసమే చేస్తున్నారు. నా దగ్గర్నుంచి ఎవరికీ ఏమీ పోవట్లేదు."

జబ్బు చేసిన మనిషిని ఆ బాధ ఎంత కోస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. వెల్డింగ్ రాడ్ పట్టుకున్న చెయ్యి ఇప్పుడు సూదుల కోసం చాపిన చెయ్యి అయిపోయింది. నేను ఏదో ఓదార్పు మాట చెప్పాను, వాడికి ఎక్కలేదు. మర్నాడు ఫోన్‌లో అమ్మ వాడితో చెప్పింది: "నువ్వు పక్క బెడ్ వాళ్ళ కోసం చెయ్. ముందు పేరడుగు."

అడిగాడు. అక్కణ్నుంచి వాడి జీవితం మారింది. జబ్బు మారలేదు, అది ముదురుతూనే వచ్చింది. డయాలసిస్‌లో ఒక షిఫ్ట్ వాళ్ళు ఏళ్ళ తరబడి వారానికి మూడుసార్లు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూస్తారు. అయినా ఒకరి పేరు ఒకరికి తెలియకుండా గడిపేయొచ్చు, కళ్ళు మూసుకుని పడుకుంటే సరిపోతుంది. తమ్ముడు ఒక్కొక్కరినే అడిగాడు. పక్క బెడ్ ఆయన ఏటా భవానీ మాల వేసుకునే మనిషి, గోత్రం అడిగిన ఆవిడ భర్త. ఆ పక్కన వన్‌టౌన్ నుంచి వచ్చే పెద్దాయన, షుగర్ వల్ల కాలికి పుండు, అందరూ భాయ్ అని పిలిచేవాళ్ళు. కిటికీ దగ్గర సింగ్ నగర్ నుంచి వచ్చే ఒకావిడ, తమ్ముడు పిన్ని అనేవాడు. చివర్లో ఎ. కొండూరు మండలం తండా నుంచి వచ్చే కుర్రాడు. ఆ తండాల్లో ఎన్ని ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు ఉందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. ఆ కుర్రాడు డయాలసిస్ కోసం రాత్రే బయల్దేరి వచ్చేవాడు.

వాళ్ళ పేర్లు నేను ఇక్కడ రాయను. ఆ పేర్లు మాకు ఇచ్చింది దేవుడి ముందు చెప్పమని.

మిషన్ తిరుగుతున్న నాలుగు గంటలూ తమ్ముడు ఒక చివర నుంచి రెండో చివరకి ప్రార్థన చేసేవాడు. బెడ్ల వరస, మా వీధి వరసలాగే. బయటికొచ్చాక నాకు చెప్పేవాడు: భాయ్ పుండు దగ్గర డ్రెస్సింగ్ మార్చారట, పిన్ని కొడుక్కి పని దొరికిందట, తండా కుర్రాడి రక్తం మళ్ళీ తగ్గిందట. అంతకుముందు ఆటోలో ఇంటిదాకా నోరు విప్పని మనిషి. వాడికి మళ్ళీ ఒక పని దొరికింది. ఆ పని మంచం మీద నుంచి చేయొచ్చు, డబ్బు లేకుండా చేయొచ్చు, ఒక చెయ్యి మిషన్‌కి కట్టేసి ఉన్నా చేయొచ్చు. జబ్బు వాడి దగ్గర్నుంచి అన్నీ లాక్కుంది గాని దీన్ని లాక్కోలేకపోయింది.

బైబిల్లో యోబు కథ అందరికీ తెలుసు. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్ళంతా పుండ్లు. పైగా ఓదార్చడానికొచ్చిన ముగ్గురు స్నేహితులు నువ్వేదో పాపం చేసి ఉంటావని వాదనకి దిగారు. ఆ కథ ముగింపులో ఉన్న ఒక వాక్యాన్ని చాలామంది గమనించరు. దేవుడు యోబు స్థితిని మళ్ళీ బాగుచేసింది ఎప్పుడంటే, అతను తన స్నేహితుల కోసం ప్రార్థన చేసినప్పుడు. తనని అన్ని మాటలన్న స్నేహితుల కోసం. నాకు ఆ వాక్యం లావాదేవీలా కనిపించదు, నువ్వు వాళ్ళ కోసం అడిగితే నీకు ఇస్తాననే బేరం అందులో లేదు. అధ్యాయాల తరబడి తన బాధ గురించే మాట్లాడిన మనిషి ఇప్పుడు ఇంకొకరి పేరు ఎత్తాడు. అతని విడుదల అక్కడే మొదలైందని నేను నమ్ముతాను.

ఇది నేను భాయ్‌కి చెప్తే, ఆయన తమ దగ్గరున్న మాట చెప్పారు. ఎదురుగా లేని మనిషి కోసం ఎవరైనా దువా చేస్తే, పక్కన దేవదూత నిలబడి "ఆమీన్, నీకూ అలాగే" అంటాడని ప్రవక్త చెప్పారట. "అందుకే మీవాడు నా కాలు గురించి అడుగుతుంటే నేను వాడి కిడ్నీ గురించి అడుగుతున్నా. ఇద్దరికీ లాభమే కదమ్మా" అన్నారు, ఎంతో సీరియస్‌గా.

ఇక అసలు ప్రశ్న. ఇన్ని ప్రార్థనలు చేసినా వాడు పోయాడు కదా?

నేను లెక్కల టీచర్ని. లెక్క ఉంటే దాన్ని దాటేసి వెళ్ళడం నాకు చేతకాదు. 1872లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఒక ప్రశ్న వేశాడు. దేశమంతా ప్రతి ఆదివారం రాజుగారి ఆయుష్షు కోసం ప్రార్థిస్తుంది కదా, మరి రాజకుటుంబాల వాళ్ళు మిగతా కలవారికంటే ఎక్కువ కాలం బతకాలి కదా అని. లెక్క తీస్తే వాళ్ళే తక్కువ బతికినట్టు తేలింది. ఈ కాలంలో ఇంకా పకడ్బందీగా చేశారు. హెర్బర్ట్ బెన్సన్ అనే హార్వర్డ్ డాక్టరు నాయకత్వంలో అమెరికాలోని ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్‌కి వచ్చిన 1,802 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి రెండు గుంపులకీ మీ కోసం ప్రార్థన చేయొచ్చు, చేయకపోవచ్చు అని చెప్పి, ఒక గుంపు కోసం చేయించారు, రెండో గుంపు కోసం చేయించలేదు. మూడో గుంపుకి తప్పకుండా చేస్తారని చెప్పి మరీ చేయించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తెలియకుండా ప్రార్థన అందుకున్న వాళ్ళలో 52 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక సమస్య వచ్చింది. ప్రార్థన అందని వాళ్ళలో 51 శాతం. ప్రార్థన జరుగుతోందని తెలిసిన వాళ్ళలో 59 శాతం.

చాలామంది విశ్వాసులు ఈ పరిశోధన మాట ఎత్తగానే ఏదో ఒక సాకు వెతుకుతారు. నేను వెతకను. ప్రార్థనని మందుబిళ్ళలా, ఇన్ని రోజులకి ఇంత మోతాదు అన్నట్టు కొలిస్తే అది మందులా పనిచేయదని ఆ లెక్క చెప్తోంది. ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంత మాత్రాన నా విశ్వాసంలో ఒక్క పెచ్చు కూడా ఊడదు, ఎందుకంటే మా అమ్మ గంప ముందు కూర్చుని మందు పంచలేదు. ఆ పరిశోధనలో ప్రార్థించిన వాళ్ళకి రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, అంతే ఇచ్చారు. ఆ మనిషికి ఎంతమంది పిల్లలో, రాత్రి దేనికి భయపడి నిద్రలేస్తాడో వాళ్ళకి తెలియదు. ఫలితం మాత్రమే అడిగారు. ఫలితం దేవుడి చేతిలో పని. ఆయన వింటాడని నేను మనసారా నమ్ముతాను, విన్నాక ఏం చేయాలో ఆయనకి నేను పాఠం చెప్పను.

బైబిల్లో, పాపాల వల్ల నాశనం కాబోతున్న సొదొమ పట్టణం కోసం అబ్రాహాము దేవుడితో చేసిన వాదన అమ్మకి చాలా ఇష్టం. యాభై మంది మంచివాళ్ళుంటే ఊరిని కాపాడతావా? నలభై ఐదుగురుంటే? నలభై? ముప్పై? ఇరవై? పది? అలా దిగుతూ దిగుతూ పదిదాకా వచ్చాడు. మర్నాడు ఊరు కాలిపోయింది. ఫలితం లెక్కన చూస్తే అది విఫలమైన ప్రార్థన. అయినా ఆ వాదనంతా ఒక్కో అంకెతో సహా రాసిపెట్టారు. ఊరి కోసం ఒక మనిషి నిలబడ్డాడన్నది దాచుకోదగ్గ విషయం కాబట్టే రాసిపెట్టారు.

ఆ 59 శాతం దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే అది మా ఇంట్లో జరిగింది. ఆ అంకె కాకతాళీయం కావచ్చని పరిశోధకులు అన్నారు. ఆ బృందంలోనే ఒక డాక్టరు ఇంకో సంగతి కూడా అన్నాడు: ప్రార్థన చేసే బృందాన్ని పిలిపించాల్సినంత సీరియస్‌గా ఉన్నానా అని రోగికి టెన్షన్ పట్టుకుని ఉండొచ్చని. మా తమ్ముడి మొహంలో ఆ టెన్షన్ నేను చూశాను. చుట్టూ పదిమంది నిలబడి కేకలు పెట్టి ప్రార్థన చేస్తుంటే, లేచి కూర్చుని బాగైపోయానని చెప్పాల్సిన బాధ్యత వాడి మీద పడేది. పాపం, ఒక్కోసారి వాళ్ళ కోసం నవ్వేవాడు.

అంతకంటే ఘోరం ఒకటి జరిగింది. 2023లో తెలిసినవాళ్ళు వాడిని ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్ళారు. వేదిక మీద బోధకుడు తల మీద చెయ్యి పెట్టి, విశ్వాసం ఉన్నవాడికి మిషన్ ఎందుకు, ఈ వారం వెళ్ళకు, దేవుడి కార్యం చూడు అన్నాడు. తమ్ముడు బుధవారం డయాలసిస్ మానేశాడు. నాకు చెప్పలేదు. గురువారం అర్ధరాత్రి ఊపిరి అందక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఎమర్జెన్సీలో మిషన్ ఎక్కించకపోతే ఆ రాత్రే పోయేవాడు. తర్వాత ఆ బోధకుడి మనుషులు ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా, మీ తమ్ముడి విశ్వాసం చాల్లేదు అన్నారు. యోబు స్నేహితులు ఇంకా బతికే ఉన్నారు.

ఎప్పుడూ గొంతు పెంచని అమ్మ ఆ రోజు గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చి వాడితో అంది: "నీ కోసం ప్రార్థన చేసేవాడు నీ పక్కన కూర్చోవాలి. నీ మీద కూర్చోకూడదు." అప్పటినుంచి ఎవరైనా ప్రార్థన చేస్తామని వస్తే నేను ఆ ఒక్కటే చూస్తాను. ఈ మనిషి పక్కన కూర్చుంటాడా, మీద కూర్చుంటాడా? చికిత్స మానమనే ప్రార్థన, జబ్బుకి రోగినే దోషి చేసే ప్రార్థన, ఏ మతంలో జరిగినా, ఎంత గట్టిగా జరిగినా, అవతలి మనిషి కోసం చేసేది కాదు. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. ఇలా మిషన్ మానేసిన వాళ్ళ గురించి ఆ వార్డు బయట కుర్చీల్లో ఇంకా విన్నాను.

ప్రార్థనకీ వైద్యానికీ పోటీ పెట్టేవాళ్ళకి గుంటూరువాళ్ళు చూపించాల్సింది కుగ్లర్ ఆసుపత్రి. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో మిషనరీగా గుంటూరు వచ్చింది. ఆవిడ ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ప్రార్థన చేయడానికి ఒకరు, మందివ్వడానికి ఇంకొకరు రాలేదు. ఒక్క మనిషే వచ్చింది.

ఇప్పుడు రెండో అభ్యంతరం. ప్రార్థన చేస్తానని చెప్పి చేతులు దులుపుకోవడం కంటే ఒక పూట అన్నం పెట్టడం మేలు కదా? మేలే. బైబిల్లో యాకోబు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, ఇదే ఉంది. బట్టల్లేని వాడిని, తిండిలేని వాడిని పట్టుకుని "వెచ్చగా ఉండు, కడుపునిండా తిను" అని దీవించి, ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఏం ప్రయోజనం అని. జేబులో డబ్బుండి, దాని బదులు ప్రార్థన ఇచ్చేవాడు మోసం చేస్తున్నాడు. కానీ ప్రార్థన చేసేవాళ్ళలో ఎక్కువమంది జేబులో ఏముంటుంది? మా అమ్మ దగ్గర కిలో లెక్క కూలి తప్ప ఏముంది? తమ్ముడి దగ్గర ఏముంది?

పైగా నిజంగా పేరుపెట్టి ప్రార్థించేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేరు. నేను చూశాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపంతా మునిగింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద, బ్యారేజీ కట్టాక ఎప్పుడూ చూడనంత. మాకు పటమటలో నీళ్ళు రాలేదు. సోమవారం పొద్దున డయాలసిస్‌కి వెళ్తే కిటికీ దగ్గర బెడ్ ఖాళీ. పిన్ని రాలేదు. ఫోన్ స్విచాఫ్. చివరిసారి మిషన్ ఎక్కింది శుక్రవారం. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమవుతుందో తమ్ముడికి తెలుసు, ఆ కిటికీ ఊచలు వాడికి గుర్తున్నాయి.

ఆ రోజు డయాలసిస్ అయ్యాక వాడు ఇంటికొచ్చి పడుకోలేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. అవతలివాళ్ళు అడ్రస్ అడిగితే, మిగతా అందరూ సింగ్ నగర్ అని చెప్తున్న చోట వాడు ఏ వీధి, ఎన్నో అడ్డరోడ్డు, ఇంటికి బయట నుంచి ఇనప మెట్లున్నాయి, పై వాటాలో ఇంటివాళ్ళు లేరు, తాళం వేసి ఉంటుంది, కొడుకు పేరు ఇది, ఆవిడకి మోకాళ్ళ నొప్పి, మెట్లు దిగలేదు అని చెప్పాడు. వాడు ఆ ఇల్లు ఎప్పుడూ చూడలేదు. రెండేళ్ళుగా ఆ ఇంటి కోసం ప్రార్థన చేస్తున్నాడు, అంతే. ప్రార్థన చేయడానికి అడుగుతూ అడుగుతూ ఆ ఇంటి మెట్లదాకా తెలుసుకున్నాడు. ఆటోనగర్ స్నేహితుల్ని లేపాడు, వాళ్ళలో ఒకడికి తెలిసిన ట్రాక్టరు ఆయన సహాయానికి అటే తిరుగుతున్నాడు. మంగళవారం సాయంత్రం కొడుకు పిన్నిని వీపున వేసుకుని ఛాతీ లోతు నీళ్ళలో ట్రాక్టరు దాకా తెచ్చాడు. రాత్రి ఎనిమిదింటికి మిషన్ ఎక్కింది.

దేవుడికి అన్నీ తెలుసు కదా, మనం చెప్పడం దేనికి అని అడుగుతారు. ఆయనకి తెలుసు. ఆ ఇనప మెట్ల సంగతి మనకి తెలియదు. చెప్పుకోవడం మొదలుపెట్టాకే మనకి తెలుస్తుంది.

ఫోన్‌లో ఎవరైనా తమ బాధ పంపితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి ముందుకు జరిగిపోవడం నేనూ చేశాను. ఇప్పుడు చేయను. చేస్తానని చెప్తే అది మాట ఇచ్చినట్టు. ఆ రాత్రి ఆ పేరు పలకకపోతే నాకు నిద్రపట్టదు. రెండు రోజులాగి ఎలా ఉందని అడుగుతాను, అడగడం మర్చిపోతే అప్పటిదాకా నేను చేసింది ప్రార్థన కాదేమో అని అనుమానం వస్తుంది. పదిమందికి మించి నాకు కుదరదు. అమ్మకి రెండు వైపుల వీధి కుదిరేది.

2024 ఫిబ్రవరిలో, గుణదల మాత ఉత్సవాల్లో, గోత్రం అడిగిన ఆవిడ నన్ను కొండకి తీసుకెళ్ళింది. గుణదల కాథలిక్కుల పుణ్యక్షేత్రం, మేం లూథరన్లం, మాకు అలవాటు లేదు. అమ్మవారి భక్తురాలైన ఆవిడ నన్ను మేరీమాత దగ్గరికి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ అక్కడ విగ్రహం పెట్టినప్పటినుంచి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జనం పోటెత్తుతారు. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు. ఆ తోపులాటలో నా చెవిన పడిన మాటలన్నీ ఒకే రకం: మా కోడలికి, మా పెద్దోడికి, మా చెల్లెలి మొగుడికి. అన్ని మెట్లెక్కి వచ్చి తన కోసం అడుగుతున్న గొంతు నాకు ఒక్కటి కూడా వినపడలేదు. నా పక్కన ఆవిడ మా తమ్ముడి అసలు పేరు చెప్పింది. తప్పు పోలేదు.

తమ్ముణ్ణి గుంటూరులో సమాధి చేశాం. అది శుక్రవారం. ఆ షిఫ్ట్‌లో వాళ్ళందరికీ పొద్దున డయాలసిస్ ఉంది. మధ్యాహ్నం రెండింటికి భాయ్, కాలికి కట్టుతో, నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచిన మనిషి, మనవడి బండి మీద ముప్పై కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వచ్చారు. పిన్ని కొడుకు వచ్చాడు. గోత్రం అడిగిన ఆవిడ, భర్తని ఇంట్లో దింపి వచ్చింది. సమాధుల దొడ్డి గేటు దగ్గర ఎవరో ఆవిణ్ణి మీరేమవుతారని అడిగారు. "మా గోత్రం పిల్లాడు" అంది.

మా స్కూలు టీచర్‌కి నేను చెప్పాల్సింది ఇదే. ప్రయోజనం ఏమిటని అడిగారు. మా తమ్ముడు బతకలేదు. కానీ తన జబ్బు తప్ప ఇంకేమీ మిగలని మనిషిగా పోలేదు. మీ అమ్మాయి కోసం ప్రార్థన చేయండి టీచర్. చేస్తూ, ఆసుపత్రిలో మీ అమ్మాయి పక్కన పడుకున్న పిల్ల పేరు కూడా అడగండి. మీ అమ్మాయి పేరు నాకు తెలుసు, నేను రోజూ చెప్తున్నాను.

అమ్మకి ఇప్పుడు డెబ్బై దాటాయి. తొడిమలు తీసే పని మానేసి చాలాకాలమైంది. కొడుకు పోయాక నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒక రాత్రి ఫోన్ చేసి, "ఆ బెడ్ల వాళ్ళ పేర్లు నాకు వరసగా చెప్పు" అంది. చెప్పాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం రాత్రి ఫోన్ వస్తుంది, ఒక్కొక్కరి గురించీ అడుగుతుంది. నాకు తెలియకపోతే ఊరుకోదు, కనుక్కుని చెప్పమంటుంది. అందుకని నేను శుక్రవారం స్కూలు అయ్యాక వాళ్ళందరికీ ఫోన్లు చేస్తాను.

నిన్న శుక్రవారం. తండా కుర్రాడికి హిమోగ్లోబిన్ మళ్ళీ ఎనిమిదికి పడిందట, సూది వేశారట. భాయ్ కాలి పుండు ఎండుతోంది. పిన్నికి జ్వరం తగ్గింది, తినబుద్ధి కావట్లేదంది. తమ్ముడి బెడ్ మీదకి కొత్తగా ఒకాయన వచ్చారట, ఎవరితోనూ మాట్లాడరట. అమ్మకి ఇవన్నీ చెప్పాను. అంతా విని, "ఆ కొత్తాయన పేరేంటి?" అంది.

తెలియదన్నాను. సోమవారం పొద్దున భాయ్‌ని అడగమని చెప్పాలి.